పదో తరగతికి చేరని పేర్లు

రాబోయే జనాభా లెక్కల్లో కులాన్ని కూడా నమోదు చేయాలని కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. అంతకుముందే, 2024లో, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంటింటి కుల సర్వేలు జరిగాయి. ఏ కులంలో ఎందరున్నారో, ఎవరికి ఎంత భూమి, ఎంత చదువు, ఎంత ఉద్యోగం దక్కిందో తెలియడం సామాజిక న్యాయానికి తొలిమెట్టు. దశాబ్దాలుగా బహుజనులు కోరుతున్నది అదే. అయితే ఆ పత్రాల్లో చోటు దొరకని లెక్క ఒకటి మిగిలిపోతున్నది. ఒక కులంలో పుట్టిన మనిషికి ఇతర కులాల్లో ఎందరు మిత్రులున్నారు? ఆసుపత్రి అవసరం పడిన అర్ధరాత్రి, పిల్లవాడికి ఉద్యోగం వెతకవలసిన వేళ, పోలీసు స్టేషన్ మెట్లెక్కవలసిన రోజున అతడు ఎవరికి ఫోను చేయగలడు? ఈ ప్రశ్న ఏ సర్వే సిబ్బందీ అడగరు. ఈ లెక్క వేయదలచుకుంటే మొదట చూడవలసిన చోట్లు రెండు: బడి, వీధి.

వేసవి సెలవులు, సంక్రాంతి వచ్చాయంటే ఉత్తరాంధ్ర పట్టణాల్లో ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ ఫ్లెక్సీలు వెలుస్తాయి. పాతికేళ్ల క్రితం పదో తరగతి చదివినవారు ఒకచోట చేరతారు. గురువులకు శాలువాలు కప్పుతారు. పాత బెంచీల మీద కూర్చుని ఫోటోలు దిగుతారు. సాయంత్రానికి అందరి ఫోన్లలో ఒక వాట్సాప్ బృందం ఏర్పడుతుంది. దీనిని మధ్యతరగతి కాలక్షేపంగా కొట్టిపారేసేవారు రాజకీయ కార్యకర్తల్లో కూడా ఉన్నారు. కాని ఆలోచించి చూడండి. కార్తీక మాసపు వనభోజనాలు సైతం కుల సంఘాల పేరిట జరిగే రాష్ట్రం మనది. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లలో మొదటి గడి కులానిది. అద్దె ఇల్లు చూపించే ముందు ఇంటిపేరు అడిగే ఊళ్లు మనవి. ఇటువంటి చోట కులాన్ని ప్రాతిపదికగా పెట్టుకోకుండా మనుషులు కలిసే సందర్భాలను వేళ్ల మీద లెక్కించవచ్చు. తరగతి గది వాటిలో ఒకటి. దానిని తేలికగా వదులుకోకూడదు. అలాగని ఉన్నదున్నట్టుగా మెచ్చుకోనూ కూడదు.

మిల్లు కలిపిన ఊరు

విజయనగరానికి సమీపంలో, చంపావతి నది ఒడ్డున, హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉన్న నెల్లిమర్లను ఉదాహరణగా తీసుకుందాం. రామతీర్థం వెళ్లే యాత్రికులకు అది దారిలో తగిలే ఊరు. కార్మికోద్యమ చరిత్ర తెలిసినవారికి అది జూట్ మిల్లు ఊరు. భీమునిపట్నం రేవు పేరు మీదుగా ‘బిమ్లీ జూట్’ అని ప్రపంచ వాణిజ్యంలో పేరుపడిన గోగునార ఈ ప్రాంతపు పంట. ఆ నార చుట్టూ చిట్టివలసలో, నెల్లిమర్లలో మిల్లులు వెలిశాయి. ఆ మిల్లుల చుట్టూ వీధులు పెరిగాయి.

ఉత్తరాంధ్ర పల్లెల్లో తూర్పుకాపు, కొప్పుల వెలమ, యాత, చాకలి, మంగలి, దేవాంగ, మాల, మాదిగ, రెల్లి కుటుంబాలు తరతరాలుగా వేరువేరు వీధుల్లో, వేరువేరు నీటి వనరుల దగ్గర బతికాయి. మిల్లు పట్టణం ఆ హద్దులను కొంత చెరిపింది. షిఫ్టు కూత అందరికీ ఒక్కటే. గేటు మూసుకుంటే ఆకలి కూడా అందరికీ ఒక్కటే. బదిలీ కార్మికుడికి కులమేదైనా ఆ రోజు పని దొరుకుతుందో లేదో తెలియని దినగండమే.

అయినా మిల్లు కులాన్ని రద్దు చేసిందనుకోవడం అమాయకత్వం. 1920లలో బొంబాయి నూలు మిల్లుల్లో దళితులను నేత విభాగంలోకి రానిచ్చేవారు కాదు. నాడెలోకి దారాన్ని నోటితో పీల్చి ఎక్కించాలి గనుక అంటరానివారి ఎంగిలి తగులుతుందని తోటి కార్మికులే అభ్యంతరం చెప్పారు. మంచి కూలి వచ్చే విభాగం ఆ విధంగా దళితులకు మూసుకుపోయింది. 1928 బొంబాయి సమ్మె కాలంలో డాక్టర్ అంబేడ్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టవలసి వచ్చింది. ఒకే కప్పు కింద పనిచేసినంత మాత్రాన మనుషులు ఒక్కటవరన్న సత్యం కార్మికోద్యమానికి అప్పుడే తెలియవలసింది.

అదే సమయంలో, ఉమ్మడి పోరాటం మిగిల్చే జ్ఞాపకానికి విలువ ఉంది. నెల్లిమర్లలో 1994 జనవరి 29న జరిగిన పోలీసు కాల్పుల్లో ఐదుగురు జూట్ కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఏటా ఆ తేదీన కార్మిక సంఘాలు వారిని తలచుకుంటాయి. ఆ తలపులో వారు కార్మికులు. వారి కులాల ప్రస్తావన రాదు. పండగకు, పెళ్లికి, చావుకు కులం పేరు లేకుండా అడుగు పడని సమాజంలో ఇది చిన్న విషయం కాదు.

తరువాతి కాలమంతా చెదిరిపోవడానిదే. లాకౌట్లు పదేపదే వచ్చాయి. కార్మికుల పిల్లలు విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి వెళ్లారు. చదువుకున్నవారు కొందరు బెంగళూరుకు, అమెరికాకు వెళ్లారు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వలస వెళ్లిన కూలీలు. కూలీ ఏ మేస్త్రీ కింద ఏ ఊళ్లో పనిచేస్తున్నాడో ఇంట్లోవారికే సరిగా తెలియని వలస అది. అటువంటి రోజున ఊరివాళ్ల ఫోను నంబర్ల జాబితా ఒక ప్రాణాధారపు పత్రం.

వలస ఒక్కటే ఇరుగుపొరుగును చెదరగొట్టదు. నెల్లిమర్ల నియోజకవర్గంలోనే ఉన్న భోగాపురంలో విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట గ్రామాల ప్రజలు ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చింది. నష్టపరిహారం లెక్కలో ఇంటికి, చెట్టుకు, భూమికి వెల కడతారు. పొరుగింటి నుంచి చేబదులు తెచ్చుకోగలిగిన ధైర్యానికి వెల కట్టే పట్టిక ఏ చట్టంలోనూ లేదు. ఆస్తి లేనివారికి ఆ ధైర్యమే ఆస్తి.

హాజరుపట్టీ ఎక్కడ ఆగిపోయింది?

పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో మొదటి లోపం వాటి జాబితాలోనే ఉంది. దాదాపు ప్రతి సమ్మేళనం ‘పదో తరగతి బ్యాచ్’ పేరుతో జరుగుతుంది. అంటే పదో తరగతికి చేరినవారే ఆ బ్యాచ్‌లో సభ్యులు. ఒకటో తరగతిలో పలక పట్టుకుని పక్కన కూర్చుని, అయిదులోనో ఏడులోనో బడి మానేసినవారు ఎవరి బ్యాచ్?

2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో మిగిలిన 13 జిల్లాల్లో అదే అట్టడుగు. బడి మానేసినవారు కాకతాళీయంగా మానలేదు. పారిశుధ్య పనికి తల్లితోపాటు వెళ్లిన రెల్లి బాలిక, మేకల వెంట వెళ్లిన యాదవ బాలుడు, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో ఉండిపోయిన మాల బాలిక, తండ్రి మిల్లు జీతం ఆగిన ఏడాది కిరాణా కొట్టులో పొట్లాలు కట్టడానికి కుదిరిన చాకలి బాలుడు, వీరి పేర్లు అడ్మిషన్ రిజిస్టరులో ఉంటాయి. పదో తరగతి గ్రూపు ఫోటోలో ఉండవు. ఎవరు బడిలో నిలిచారు, ఎవరు జారిపోయారు అన్న దానిని కులం, ఆడపుట్టుక, పేదరికం కలిసి నిర్ణయించాయి. పదో తరగతి జాబితాతో మొదలయ్యే సమ్మేళనం ఆ నిర్ణయాన్ని పాతికేళ్ల తరువాత మళ్లీ ఆమోదిస్తున్నది.

రెండో లోపం ఆడపిల్లల గైర్హాజరు. పెళ్లితో ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, ఫోను నంబరు భర్త పేరిట ఉంటుంది. ‘ఆడవాళ్ల వివరాలు దొరకలేదు’ అని నిర్వాహకులు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. కాని మగపిల్లల వివరాల కోసం చేసినంత వెతుకులాట జరిగిందా? తరగతి స్నేహితురాలిని పేరు పెట్టి పిలవడానికి అత్తింటి అనుమతి కావలసి రావడం కూడా కుల వ్యవస్థలో భాగమే. కులానికి మూలం స్వకుల వివాహమేనని అంబేడ్కర్ 1916లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పరిశోధన పత్రంలో తేల్చి చెప్పారు. ఆడపిల్ల కదలికలను కట్టడి చేయకుండా స్వకుల వివాహం నిలబడదని కూడా ఆ పత్రమే వివరించింది.

మూడోది చందా. తలకు వెయ్యో, రెండు వేలో అని నిర్ణయమైన రోజునే ఆటో నడిపేవాడు, గేటు దగ్గర కాపలా ఉండేవాడు తమంతట తాము తప్పుకుంటారు. ఎవరూ రావద్దని చెప్పరు. ‘అందరినీ పిలిచాం, వాళ్లే రాలేదు’ అని మాత్రం చెప్పుకుంటారు. వేదిక మీద కుర్చీలు అమెరికా నుంచి వచ్చినవారికి, పెద్ద ఉద్యోగులకు దక్కుతాయి. ఇక బడి ఊడ్చిన ఆయాకు, గంట కొట్టిన అటెండరుకు, మధ్యాహ్న భోజనం వండిన మహిళకు శాలువా కప్పిన సమ్మేళనాలు ఎన్ని?

కులసంఘం చేసే పని

ఇంతమాత్రానికే సమ్మేళనాలను తప్పుపట్టాలా అని అడగవచ్చు. దీనికి జవాబు కావాలంటే కులసంఘం ఏం చేస్తుందో చూడాలి. అది ఏడాదికొకసారి భోజనం పెట్టి ఊరుకోదు. అప్పు పుట్టిస్తుంది. హాస్టలు కట్టి పిల్లలను చదివిస్తుంది. హైదరాబాదులో దిగిన కుర్రాడికి మొదటి నెల గది చూపిస్తుంది. కంపెనీలో ఉన్న పెద్దమనిషికి పరిచయం చేస్తుంది. ఎన్నికల్లో టికెట్టు అడుగుతుంది. భూమి, పెట్టుబడి, అధికారం ముందే పోగేసుకున్న కులాలకు ఈ వల గట్టి ఆసరా. అవేవీ లేని కులాల సంఘం ఎంత చిత్తశుద్ధితో పనిచేసినా తన సభ్యులను చేర్చగలిగేది తమవంటి పేదల దగ్గరికే.

కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఆర్థికవేత్తలు ముంబయిలోని దాదర్ ప్రాంతంలో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనం దీనిని స్పష్టంగా చూపింది. మిల్లుల్లో, కర్మాగారాల్లో తమ కులం మగవారికి ఉన్న పరిచయాల వల్ల ఆ కులాల అబ్బాయిలు మరాఠీ మాధ్యమంలోనే ఉండిపోయి తండ్రుల పనిలోకి వెళ్లారు. ఆ వలలో చోటు లేని అమ్మాయిలు ఇంగ్లీషు మాధ్యమం వైపు వేగంగా మళ్లి కొత్త ఉద్యోగాలు అందుకున్నారు. ఒకప్పుడు కూడు పెట్టిన కులబంధం తరువాతి తరానికి కాలికి బంధమైంది. మిల్లు మూతపడిన ఏ ఊరికైనా ఈ పాఠం వర్తిస్తుంది.

ఉద్యోగం గురించిన కబురు ఎక్కడి నుంచి వస్తుందన్నది పాత ప్రశ్న. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో దీనికి జవాబిస్తూ, దగ్గరి బంధువుల కంటే అప్పుడప్పుడు కలిసే పరిచయస్థుల ద్వారానే కొత్త అవకాశాల సమాచారం ఎక్కువగా అందుతుందని చూపాడు. దగ్గరివారికి మనకు తెలిసిందే తెలుసు. దూరపు పరిచయస్థుడు మరో లోకంలో తిరుగుతాడు. 2022లో రాజ్ చెట్టి బృందం అమెరికాలో 7.2 కోట్ల మంది ఫేస్‌బుక్ వినియోగదారుల మధ్య ఉన్న 2,100 కోట్ల స్నేహబంధాలను పరిశీలించింది. ధనిక కుటుంబాల పిల్లలతో స్నేహం చేసే వీలున్న ప్రాంతంలో పెరిగిన పేద పిల్లలు పెద్దయ్యాక గణనీయంగా ఎక్కువ సంపాదిస్తున్నారని ఆ పరిశోధన తేల్చింది. అక్కడి వర్గం స్థానంలో ఇక్కడి కులాన్ని పెట్టి చూస్తే మన బడుల విలువ తెలుస్తుంది.

మన దేశంలోనే మరో నిదర్శనం ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేరువేరు ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళితుల ఇంటిపేరు ఉన్న దరఖాస్తులకు పిలుపులు తక్కువగా వచ్చాయి. ఇంటిపేరే తలుపు మూసే చోట, ‘ఈ మనిషి నాకు తెలుసు, నాతో చదివాడు’ అని లోపలి నుంచి చెప్పే ఒక గొంతు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఐఐటీ మద్రాసు మీద అజంతా సుబ్రమణియన్ 2019లో వెలువరించిన గ్రంథం దీనికి మరో పార్శ్వం చూపింది. అగ్రకుల పూర్వ విద్యార్థుల బృందం తన కులాన్ని ‘ప్రతిభ’గా పేరు మార్చుకుని సముద్రాలు దాటిన తీరును ఆమె వివరించారు. పూర్వ విద్యార్థుల సంఘమంటే సహజంగానే కులాతీతమైనదేమీ కాదు. దానిని ఎవరు, ఎవరితో, ఎవరికోసం నడుపుతారన్నదే అసలు విషయం.

సముద్రం దాటినా కులం వెంట వచ్చిందన్న దానికి చట్టాలే సాక్ష్యం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ అక్టోబరులో తిప్పి పంపారు. అమెరికాలో తెలుగు సంఘాలు కులాల వెంబడి చీలిపోయాయన్న విమర్శ ఎన్నో ఏళ్లుగా వింటున్నదే.

దీనికి భిన్నమైన అనుభవం కూడా తెలుగునేల మీద ఉంది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పూర్వ విద్యార్థులు ‘స్వేరోస్’ పేరిట ఒక బృందంగా నిలబడ్డారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ గురుకులాల పిల్లలే. వారసత్వంగా పరిచయాలు అందనివారు చదువు ద్వారా పరిచయాలు నిర్మించుకోగలరని ఆ ఉద్యమం చూపింది. దాని రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఈ మాట కాదనలేరు.

పరిచయం ఒక్కటే చాలదు

కలిసి చదివితే, పక్కపక్కన బతికితే కులం దానంతటదే కరిగిపోతుందన్న ఉదారవాద నమ్మకాన్ని మన చరిత్రే ఖండిస్తుంది. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపినవారు ఎక్కడినుంచో వచ్చినవారు కారు. మడ్డువలస జలాశయం కింద ఊరు పోయి, ఒకే పునరావాస గ్రామంలో స్థిరపడిన ఇరుగుపొరుగువారే. సేకరించి కూడా నీట మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగుచేయడాన్ని తూర్పుకాపులు సహించలేకపోవడమే గొడవకు మూలం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను బలిగొన్న చుండూరు ఘటనకు సినిమాహాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందువరుసలోని అగ్రకుల యువకుడికి తగలడం నెపమైంది. ఒకే హాలు, ఒకే సినిమా. అసమానత చెక్కుచెదరకుండా ఉన్నచోట దగ్గరితనం స్నేహానికి బదులు కక్షకూ దారితీయవచ్చు.

బడి స్నేహం హద్దు దాటితే ఏమవుతుందో 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో చూశాం. పాఠశాల నాటి పరిచయం పెళ్లిదాకా వచ్చినందుకు ప్రణయ్ అనే దళిత యువకుణ్ణి ఆసుపత్రి వాకిట్లో నరికి చంపారు. 2011–12 భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే. ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తున్నామని 27 శాతం కుటుంబాలు స్వయంగా ఒప్పుకున్నాయి. వీరిలో అందరూ ఏదో ఒక బడిలో, ఎవరో ఒకరి పక్కన కూర్చున్నవారి తల్లిదండ్రులో, పిల్లలో.

మరి ఏ పరిచయం పనిచేస్తుంది? మాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది యువకులతో క్రికెట్ పోటీలు నిర్వహించి 2021లో ఫలితాలు ప్రకటించాడు. వేరువేరు కులాలవారు ఒకే జట్టులో ఆడినప్పుడు కులాంతర స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా తలపడినప్పుడు ఆ ప్రయోజనం కనిపించలేదు. ఒక ఉమ్మడి లక్ష్యం, అందరికీ సమానమైన చోటు, కలిసి చేయవలసిన పని, ఇవి ఉంటేనే కలయికకు అర్థముంటుంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో లక్షలమంది కలుస్తారు. వలసపోయినవాళ్లంతా ఊరికి వస్తారు. కాని పూజారి స్థానం వంశపారంపర్యం, ఊరేగింపులో ఎవరి పాత్ర వారిదే. పండగ మనుషులను వారి వారి స్థానాల్లో కలుపుతుంది. తరగతి గది మాత్రం సూత్రరీత్యా ఆ స్థానాలను ఒప్పుకోదు. ఆచరణలో దాన్ని నిలబెట్టడం అక్కడ చదివినవారి పని.

ఈ పని దళితుల మధ్య కూడా అవసరం. సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణకు అనుమతించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెల్లి సమూహానికి 1 శాతం, మాదిగ సమూహానికి 6.5 శాతం, మాల సమూహానికి 7.5 శాతం కేటాయించింది. ఈ విభజన మీద మాల, మాదిగ విద్యార్థుల మధ్య మూడు దశాబ్దాలుగా వాదం నడుస్తున్నది. వాదం తప్పు కాదు. ఒకే సంక్షేమ హాస్టలు గదిలో ఒకే ట్రంకు పెట్టె మీద పుస్తకాలు పెట్టుకుని చదివినవారు ఆ వాదాన్ని శత్రుత్వంగా మార్చుకోకపోవడం ముఖ్యం. ఆ ఇద్దరి వాదనలోనూ సాధారణంగా వినిపించని రెల్లి సహాధ్యాయి గొంతును వినడం అంతకంటే ముఖ్యం.

ఏం చేయవచ్చు?

ముందు జాబితా మార్చాలి. పదో తరగతి ఫలితాల కాగితంతో కాకుండా ఒకటో తరగతి, ఆరో తరగతి అడ్మిషన్ రిజిస్టర్లతో మొదలుపెట్టాలి. మధ్యలో మానేసినవారిని వారి వీధికి వెళ్లి పిలవాలి. ఫోను సందేశం చాలదు. పాతికేళ్ల సిగ్గును దాటించేది గుమ్మం ముందు నిలబడిన మనిషి మాత్రమే. ఆ రిజిస్టరులోనే ప్రతి పేరు పక్కన కులం గడి ఉంటుంది. ఎవరు ఏ తరగతిలో మానేశారో ఆ గడితో కలిపి చదివితే తమ బడి చరిత్ర ఏమిటో ప్రతి బ్యాచ్‌కూ బోధపడుతుంది. పేర్లు బయటపెట్టనక్కరలేదు, లెక్క చూసుకుంటే చాలు.

తరగతితో పాటు వీధిని కూడా చేర్చాలి. మిల్లు పట్టణాల్లో బడికి అసలే రాని పొరుగువారు ఎందరో ఉంటారు. ఆడవాళ్లను పుట్టింటి పేరుతో, బడిలో పిలిచిన పేరుతో నమోదు చేయాలి. వారిని వెతికే బాధ్యత ఆ తరగతి ఆడవాళ్లకే అప్పగించి, ప్రయాణ ఖర్చు అందరూ భరించాలి. చందా తలకింత అని కాకుండా ఇవ్వగలిగినవారు ఇవ్వగలిగినంత ఇవ్వాలి. ఎవరెంత ఇచ్చారో వేదిక మీద చదవకూడదు. ఆ రోజు వంట ఎవరు చేస్తున్నారు, వడ్డన ఎవరు చేస్తున్నారు, ఎంగిలాకులు ఎవరు ఎత్తుతున్నారు అన్నది కూడా నిర్వాహకులు చూసుకోవాలి. రెల్లి సహాధ్యాయి కుర్చీలో కూర్చుని ఉండగా అతని బంధువు ఆకులు ఎత్తే పరిస్థితి ఉంటే సమ్మేళనం జరగనట్టే.

తరువాత, ఏడాదికొక రోజు కలయికను ఏడాది పొడవునా పనిగా మార్చాలి. ఉద్యోగ ప్రకటనలు, స్కాలర్‌షిప్ గడువులు, ప్రవేశపరీక్షల తేదీలు ముందుగా చేరవలసింది వాటి ఊసే తెలియని ఇళ్లకు. విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్నవారు ఊరినుంచి వచ్చిన సహాధ్యాయి పిల్లలకు మొదటి నెల ఆశ్రయమివ్వాలి, కులం అడగకుండా. కంపెనీల్లో సిఫారసు చేసే స్థితిలో ఉన్నవారు తమ సిఫారసుల జాబితాను ఒకసారి తామే చదువుకోవాలి. అందులో అన్నీ తమ కులం ఇంటిపేర్లే ఉంటే, ఆత్మీయ సమ్మేళనంలో పాడిన ప్రార్థన గీతానికి అర్థం లేదు. వలస కూలీ ఏ ఊళ్లో, ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో రాసిపెట్టుకునే ఒక పుస్తకం ఉంటే మౌలివాక్కం వంటి రోజున అది ప్రభుత్వం కంటే ముందు పనిచేస్తుంది.

చివరిగా, అసలు పరీక్ష. ఊళ్లో కులం పేరిట దాడి జరిగినప్పుడు, సాంఘిక బహిష్కరణ ప్రకటించినప్పుడు, కులాంతర వివాహం చేసుకున్న జంటకు తలదాచుకునే చోటు కావలసినప్పుడు ఆ వాట్సాప్ బృందం ఏమంటుంది? ‘ఇక్కడ రాజకీయాలు వద్దు’ అన్న నియమం చాలా బృందాల్లో ఉంది. పుట్టినరోజు శుభాకాంక్షలు, దేవుళ్ల బొమ్మలు, క్రికెట్ ముచ్చట్లు రాజకీయం కావు. సహాధ్యాయి మీద జరిగిన దౌర్జన్యం మాత్రం రాజకీయమవుతుంది. ఈ నియమం ఎవరి మౌనాన్ని కాపాడుతుందో ఆలోచించాలి. దెబ్బతిన్నవాడి వైపు నుంచి స్టేషన్‌కు వెళ్లి సాక్ష్యం చెప్పడానికి, దెబ్బకొట్టిన కులంలోనే పుట్టిన సహాధ్యాయి ఒక్కడు ముందుకు వస్తే ఆ బ్యాచ్ చేసిన పని వంద సమ్మేళనాలతో సమానం.

సహపంక్తి భోజనాలతో కులం పోదని అంబేడ్కర్ 1936లో లాహోరు సంస్కర్తలకు చెప్పదలచారు. ఆ ప్రసంగాన్ని వారు రద్దుచేస్తే స్వయంగా అచ్చువేశారు. శాస్త్రాల పవిత్రత మీద నమ్మకం పోనిదే కులం పోదన్నది ఆయన వాదన. పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఆ పని చేయలేదు. భూమి పంచలేదు, రిజర్వేషన్‌కు ప్రత్యామ్నాయం కాజాలదు. అయితే ప్రజాస్వామ్యానికి సోదరత్వం పునాది అని కూడా ఆయనే అన్నారు. అది చట్టంతో పుట్టదని, మనుషులు పరస్పరం పంచుకునే అనుభవాల్లో పుడుతుందని వివరించారు. మన పట్టణాల్లో అటువంటి అనుభవానికి మిగిలిన కొద్ది చోట్లలో ప్రభుత్వ పాఠశాల ఒకటి. స్తోమత ఉన్న కుటుంబాలు ప్రైవేటు బడులకు తరలిపోతున్నకొద్దీ అదీ ఒకే వర్గపు, కొన్నే కులాల పిల్లలకు పరిమితమవుతున్నది. పాతికేళ్ల క్రితం మిల్లు కార్మికుడి కొడుకు, మాస్టారి కూతురు, పారిశుధ్య కార్మికురాలి కొడుకు ఒకే గదిలో కూర్చున్నారు. ఇప్పుడు వారి పిల్లలు ముగ్గురూ మూడు బడులకు వెళ్తున్నారు.

కాబట్టి పాత తరగతిని కలపడంతో పాటు కొత్త తరగతిని నిలబెట్టడం కూడా పూర్వ విద్యార్థుల బాధ్యతే. తాము చదివిన ప్రభుత్వ పాఠశాలకు రంగులు వేయించి, ఫ్యాన్లు కొని, శిలాఫలకం మీద పేర్లు చెక్కించుకోవడం సులభం. ఏడో తరగతిలో మానేయబోతున్న పిల్ల ఇంటికి వెళ్లి ఎందుకని అడగడం కష్టం. ఈ సంక్రాంతికి నెల్లిమర్లలో గాని, మరే మిల్లు ఊళ్లో గాని సమ్మేళనం తలపెట్టేవారు ఆ కష్టమైన పనితో మొదలుపెట్టాలి. వేదికకు, భోజనాలకు చందాలు పోగుచేయకముందే బడికి వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టరు తెరవాలి. తమతో చేరి, తమతో పదికి రాని పేర్లు ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. తొలి ఆహ్వానాలు వారికే వెళ్లాలి.